కాలేజీ క్రాస్ కంట్రీ టీంలో చేరితే చదువు పాడవుతుందా?

మీ అబ్బాయి గుంటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడని, క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా చేలూ గట్లూ దాటుతూ పరిగెత్తే పోటీ) టీంకి ఎంపికయ్యాడని రాశారు. టీంలో నాలుగోవాడిగా వస్తున్నాడు, మెడల్ వచ్చేది లేదు, మరి ఈ పరుగుల వల్ల చదువు పోవడం తప్ప లాభమేంటని అడిగారు.

చదువుకేమీ కాదండీ. వానలు తగ్గుముఖం పట్టాక ఇంటర్ కాలేజ్ పోటీలు, వాటిలో బాగా పరిగెత్తితే యూనివర్సిటీ టీం, అంతే సీజన్. తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండ్‌లో ఉండాల్సిన పిల్లాడు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని కూర్చోలేడు. నేను కాలేజీలో పరిగెత్తిన రోజుల్లో మా టీంలో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు ఎవరూ లేరు. హాజరు దగ్గరే పేచీ. పోటీకి వెళ్లిన రోజులకి హాజరు వేయమని పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ సంతకం చేసిన కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లం. కాలేజీకి కప్పు తెచ్చిన పిల్లల్ని అలా తిప్పడం అన్యాయం.

మీరు 'నాలుగోవాడు' అన్న మాట గురించే నేను రాయాలనుకున్నాను. మేం పరిగెత్తిన పోటీల్లో కాలేజీకి ఆరుగురు దిగేవాళ్లు. ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు, మొత్తం తక్కువ వచ్చిన టీందే కప్పు. అంటే కప్పు ఎవరిదో తేల్చేది ఆ నాలుగోవాడే.

మా ఆఖరి సంవత్సరం పోటీ గుంటూరు శివార్లలో పెట్టారు. డొంక వెంట, మిరప చేల పక్కగా, చెరువు గట్టు ఎక్కి దిగాలి. ముందు రాత్రి వాన కురిసింది. మన నల్లరేగడి సంగతి తెలుసుగా, తడిస్తే వదలదు. నాలుగు అడుగులు వేసేసరికి బూట్ల కింద మట్టి పెళ్లలు కట్టి కాలు లేవదు. మా నాలుగోవాడు బీకాం కుర్రాడు, తెనాలి వైపు రైతుల బిడ్డ, మాటే బయటికి రాదు. గట్టు దగ్గర ఆగి బూట్లు రెండూ విప్పి పక్కన పడేశాడు. చుట్టూ తుమ్మ చెట్లు, కింద ముళ్లు. అయినా ఒట్టి కాళ్లతో ఆ బురదలో పడి వచ్చాడు. నేను అప్పటికే పూర్తి చేసి గీత దగ్గర నిలబడి చూస్తున్నాను. చివరి మలుపులో వేరే కాలేజీలవాళ్లు ఇద్దరు వాడికంటే ముందున్నారు. ఇద్దరినీ దాటేశాడు. గీత దాటగానే ఎన్నో స్థానమో రాసి చేతిలో పెట్టిన అట్టముక్క మీద 19 అని ఉంది.

మావి 3, 7, 11, 19. మొత్తం 40. అవతలి కాలేజీవాళ్లకి మొదటి రెండు స్థానాలూ వచ్చాయి, మిగతా ఇద్దరూ 15, 23. మొత్తం 41. ఆ ఇద్దరినీ దాటకపోతే మాది 42 అయ్యేది. మరుసటి రోజు పేపర్లో మొదటి స్థానం వచ్చిన అబ్బాయి ఫొటో వేశారు. వేయాల్సిందే. కానీ మా కప్పు తెచ్చినవాడి అరికాళ్లలోంచి ముళ్లు తీసింది మా పీడీ సార్ ఒక్కరే.

ఇప్పుడు చాలాచోట్ల క్రాస్ కంట్రీ అని పేరు పెట్టి తారు రోడ్డు మీద పరిగెత్తిస్తున్నారు. అది నాకు అసలు నచ్చదు. మన చుట్టూ కాలవ గట్లూ డొంకలూ ఉండగా హైవే పక్కన లారీల పొగలో పిల్లల్ని ఎందుకు పరిగెత్తించాలి? పైగా ముఖ్య అతిథి రాలేదని ఎనిమిదిన్నర దాకా ఎండలో నిలబెడతారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే పోటీ మండే ఎండలో పెడితే, బయలుదేరిన 38 మందిలో 15 మందే గీత దాటారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లోంచే దీన్ని తీసేశారు. అది యూరప్. మన గుంటూరు ఎండ గురించి నేను చెప్పాలా?

ఇంకోటి, అమ్మాయిల దూరం తగ్గించాలని వాదించే పెద్దలు ఇంకా ఉన్నారు. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో 2017 నుంచి సీనియర్ ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ 10 కిలోమీటర్లే పరిగెడుతున్నారు. మా కాలేజీ అమ్మాయిలు మాతో కలిసే ప్రాక్టీసు చేసేవాళ్లు, ఎవరూ వెనకబడలేదు.

కాబట్టి మీవాణ్ణి పంపండి. మంచి పట్టున్న బూట్లు కొనివ్వండి, పొద్దున్నే వెళ్లే ముందు అరటిపండు తినిపించండి. ఈసారి పోటీ ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని మీరూ వెళ్లండి. ముందు వచ్చేవాళ్లని చూసి వెనక్కి వచ్చేయకుండా, మీవాడు వచ్చేదాకా గీత దగ్గరే ఉండండి.