ముందు బొంత, తర్వాతే ఇనుము

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లి రెండు నెలలు కాలేదు, అప్పుడే పాత యుద్ధాల్ని వేషాలు కట్టి ఆడి చూపించే రీనాక్ట్‌మెంట్ గ్రూప్‌లో చేరి 1066లో ఇంగ్లండ్ మీదికి దండెత్తిన నార్మన్ సైనికుడి వేషం కడతానంటున్నావు. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "వీడికి చదువు మీద ధ్యాస పోయిందిరా, ఇనప చొక్కా కావాలట" అని ఒకటే టెన్షన్. పదమూడేళ్లుగా ఆ ఇనప చొక్కాలోనే ఊరేగుతున్న తమ్ముడితో ఆ మాటంటే నేనేం చెప్పను? ఏదో సర్ది చెప్పాను. ఇక నీ సంగతికి వద్దాం.

నువ్వు ఫోటో పంపావే, ఇనప రింగులతో అల్లిన, తళతళా మెరిసే గొలుసు కవచం, అది మాత్రం కొనకు. రింగు కొసలు రెండూ దగ్గరికి నొక్కి వదిలేసిన రకం అది, బటెడ్ అంటారు. నా మొదటి కవచం అచ్చంగా అలాంటిదే. ఓ వేసవి ప్రదర్శనలో అవతలివాడి మొద్దు గొడ్డలి నా చంక కింద తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ రింగులు బఠాణీల్లా గడ్డిలోకి రాలిపోయాయి. చిన్నపిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోటు కదా, సాయంత్రం మీ అత్తా నేనూ టార్చి పట్టుకుని ఏరాం. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

రివెట్ చేసినదే తీసుకో. అందులో రింగు కొసలు చదును చేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, చిన్న కన్నం పొడిచి మేకు బిగిస్తారు. ప్రతి రింగూ చుట్టుపక్కల నాలుగింటిలోంచి దూరి ఉంటుంది. మోకాలిదాకా వచ్చే కవచంలో ఇలాంటివి వేలకు వేలుంటాయి. అందుకే బటెడ్ దానికి కొన్ని రెట్లు ఖరీదు. ఇంకో మాట, ఇప్పుడు ఇక్కడ తొడుక్కుని తిరిగే రివెట్ కవచాల్లో చాలావాటికి పుట్టిల్లు మన ఇండియానే. డెహ్రాడూన్ వైపు ఈ పని చేసే కార్ఖానాలున్నాయి. అలా అని సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకుంటానంటే ఆలోచించు. పది, పన్నెండు కిలోలు దానికే పోతే అక్క కట్టిచ్చే ఆవకాయకి చోటెక్కడ? పైగా అది తుప్పు పట్టకుండా నల్లటి నూనెలో ముంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిస్తారు. ఆవకాయ నూనెలో ఆ నూనె కలిస్తే అక్క మనిద్దరినీ ఇంట్లోకి రానివ్వదు.

ఎక్కడ కొన్నా ముందు గ్రూప్‌లో వేషాలు సరిచూసే వాళ్లని అడుగు. నీది 1066 అంటున్నావు కాబట్టి గుండ్రటి మేకులు కొట్టిన రింగులు ఒక వరస, అతుకే లేని రింగులు ఒక వరస, అలా మార్చి మార్చి అల్లింది ఆ కాలానికి నప్పుతుంది. త్రికోణంగా ఉండే మేకుల రకం తర్వాతి శతాబ్దాలది. అన్నీ చూసీ చూడనట్టు వదిలేసే గ్రూపులూ ఉన్నాయి, గోరంత తేడా వస్తే మైదానంలోకి రానివ్వని గ్రూపులూ ఉన్నాయి. రింగు లోపలి వెడల్పు 8, 9 మిల్లీమీటర్లుంటే చాలు. చేతికొచ్చాక పాత నైలాన్ సాక్సొకటి చేతికి తొడిగి కవచం మీద నిమురు. ఎక్కడ పట్టుకుంటే అక్కడ మేకు సరిగా కొట్టలేదన్నమాట. ఒకటీ అరా ఉంటే చిన్న సుత్తితో సరిచేసుకోవచ్చు. అడుగడుగునా పట్టుకుంటే తిప్పి పంపెయ్.

లోహం సంగతి క్లుప్తంగా చెప్తాను. అల్యూమినియం ఇనుములో మూడో వంతు బరువే, కానీ వేసుకున్నవాడి ఒంటినిండా మసి, చూసేవాళ్లకి బొమ్మ. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గానీ మెరుపు చూస్తే పెళ్లివారి గిన్నెల్లా ఉంటుంది. జింకు పూత వేసింది తొందరగా తుప్పు పట్టదు, అయితే ఆ పూతని కాల్చి నలుపు తెప్పిద్దామని మాత్రం చూడకు. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. మామూలు ఉక్కు తీసుకో. దానికి చాకిరీ ఉంది, కానీ చూపూ ఉంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. నీ దగ్గరున్న డబ్బు మొత్తం ఇనుములో పోస్తే లోపలి బొంతకి ఏం మిగల్చవు. అదే చేశాను నేను, మొదటి ఏడాది. గ్యాంబెసన్ అంటారు దాన్ని, నార గుడ్డ పొరల మధ్య ఉన్నో పాత గుడ్డలో కూరి నిలువుగా కుట్లు వేసిన చొక్కా. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతకీ దీనికీ కుట్టులో పెద్ద తేడా లేదు. గొలుసు కవచం కత్తి అంచుని ఆపుతుంది, దెబ్బ బరువుని ఆపదు. దుడ్డుకర్రతో కొడితే రింగు ఒక్కటీ చెక్కుచెదరదు, కింద ఎముక విరుగుతుంది. ఆ బరువు మింగేది బొంతే. భుజాలు కోసుకుపోకుండా కాపాడేదీ అదే. నేను పలచటి స్వెటర్ వేసుకుని దాని మీద కవచం వేశాను. మర్నాడు ఆఫీసులో కుర్చీ వెనక్కి చేరగిలబడలేకపోయాను.

కాబట్టి ముందు బొంత కొను, లేదా కుట్టించుకో. అది ఒంటిమీద వేసుకున్నాకే ఛాతీ కొలుచుకో. నీది 40 అంగుళాలైతే బొంతతో 44 అవుతుంది. కవచం ఇంకో నాలుగైదు అంగుళాలు వదులుండాలి. ముందు తెరుచుకునే గుండీలుండవు కదా, తల మీంచి దిగాలి, ఎక్కాలి. పైగా అల్లిక కిందికి వేలాడితే పక్కలకి ముడుచుకుంటుంది. బల్ల మీద పరిచి కొలిచిన వెడల్పు ఒంటిమీద ఉండదు. బిగుతుగా ఉన్నది తలకీ చేతులకీ మధ్య ఇరుక్కుంటే ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు.

తొడుక్కునేటప్పుడు కళ్లజోడు, వాచీ తీసెయ్. తలకి గుడ్డ టోపీ కట్టుకో. నాకు అప్పట్లో కాస్తో కూస్తో జుట్టుండేది, అందులో సగం ఆ రింగుల్లోనే పోయిందని మీ అత్త వాదన. కవచాన్ని బల్ల మీద బోర్లా పరిచి, అంచు పైకి చుట్టి, రెండు చేతులూ దూర్చి పైకెత్తితే చాలు, దాని బరువుకి అదే జారి కూర్చుంటుంది. ఆ మొదటి క్షణంలో భుజాలు కుంగుతాయి. అప్పుడు తోలు బెల్టు తీసి నడుముకి బిగించు, కుచ్చిళ్లు దోపాక చీరని పైకి సర్దినట్టు, బెల్టు పైనున్న రింగుల్ని జానెడు పైకి లాగి వదులు. అల్లిక బెల్టు మీద బుడగలా కూర్చుంటుంది. ఒక్కసారిగా భుజాలు తేలికవుతాయి, సగం బరువు నడుం మోస్తుంది. బెల్టు లేకుండా గంట నిలబడినవాడికి, బెల్టుతో నాలుగు గంటలు తిరిగినవాడికి తేడా నడకలోనే తెలిసిపోతుంది. విప్పేటప్పుడు బెల్టు తీసి, ముందుకి వంగి, చేతులు నేలకి చాపి ఒళ్లు విదుల్చు. చేప పొలుసు జారినట్టు జారిపోతుంది.

ఎండలో మాత్రం జాగ్రత్త. బొంతా ఇనుమూ కలిస్తే చెమట ఆరే దారుండదు. ఉప్పేసిన మజ్జిగ సీసాలో పోసుకెళ్లు, అక్కడివాళ్లు వింతగా చూస్తే చూడనీ.

ఆట అయ్యాక అలసిపోయి కవచాన్ని కారు డిక్కీలో పడేస్తావు, నాకు తెలుసు. ఆ రాత్రే చెయ్యాల్సిన పని ఒకటుంది, చెమటలోని ఉప్పు తెల్లారేదాకా ఆగదు. పాత తువ్వాలుతో తుడిచి, వెచ్చటి గదిలో ఆరేసి, ఆరాక నూనె రాసి దాచాలి. 1066 యుద్ధం కథని గుడ్డ మీద కుట్టిన బాయూ టేపెస్ట్రీలో ఒక చోట ఇద్దరు మనుషులు కవచం చొక్కా చేతులు రెండింటిలోంచి కర్ర దూర్చి భుజాల మీద మోసుకెళ్తుంటారు, చూడు. నేనూ అలాగే చీపురు కర్ర దూర్చి రెండు కుర్చీల మధ్య ఆరేస్తాను. హ్యాంగరుకి వేస్తే బరువంతా భుజం రింగుల మీద పడుతుంది. మా అల్మారా కడ్డీ ఒకసారి అర్ధరాత్రి విరిగి పడితే దొంగలు పడ్డారనుకున్నాం. ఆరాక మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పాత నూలు గుడ్డతో మడిచి పెట్టు. తోలు సంచిలో వద్దు, తోలు తడి పీలుస్తుంది.

ఏ నూనె అంటావా? నేను మొదట్లో ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె రాశాను. నవంబరులో డబ్బా తీస్తే కవచమంతా తెల్లగా పేరుకున్న నెయ్యి. ఇక్కడి చలికి కొబ్బరి నూనె గడ్డకడుతుందన్న సంగతి ఎన్నేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నా గుర్తుకురాలేదు. నువ్వుల నూనె కూడా ప్రయత్నించకు, జిగురై దుమ్మంతా పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె రెండు చెంచాలు చాలు, గుడ్డ మీద పోసి, ఆ గుడ్డతో పాటు డబ్బాలో వేసి ఊపు.

ఇప్పటికే తుప్పు పట్టిందంటే, పాతకాలం పద్ధతే మంచిది. ఇసుక పోసిన పీపాలో వేసి దొర్లించేవారు. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పొడి ఇసుక, కవచం వేసి పెరట్లో అరగంట దొర్లిస్తే తుప్పు వదిలి మెరుపు తేలుతుంది. ఆ చప్పుడికి పక్కింటివాళ్లు కిటికీ తీసి చూస్తారు, కాబట్టి ఆదివారం పొద్దున్న వద్దు. జింకు పూత ఉన్నదైతే ఇది చెయ్యకు, పూత పోతుంది. బొంత మీద తుప్పు మరకలకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టు. ఎండ దొరికినప్పుడు.

కొనేలోపు ఓ శనివారం మీ లీడ్స్‌లోనే ఉన్న రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియంకి వెళ్లు, టికెట్ లేదు. అద్దాల అవతల అసలైన కవచాలున్నాయి. ముందు నుంచి కాదు, చంక దగ్గర, మెడ దగ్గర వంగి చూడు. ఆ చోట్ల అల్లిక ఎలా మలుపు తిరిగిందో చూశాక, బేరగాళ్ల ఫోటోలు వేరేగా కనిపిస్తాయి.

ఈ సీజన్‌కి నా పాతది వాడుకో, వచ్చే వారం పార్సిల్ చేస్తాను. చంక దగ్గర కొన్ని రింగులు మిగతావాటి కంటే తెల్లగా కనిపిస్తాయి, అవి నేను కొత్తగా వేసినవి. ఎవరైనా అడిగితే మా మావయ్యకి తగిలిన గాయం అని చెప్పు. బొంత మాత్రం నాది పంపను, అది నా కొలత. అక్కకి ఈ ఉత్తరం చూపించొద్దు.

ఆశీస్సులతో,
మీ మావయ్య