లోయలో గాలి కొలవబోయే అమ్మాయికి

అమ్మాయీ,

లోయలో మాస్ట్, అంటే గాలి కొలిచే పరికరాలు బిగించే స్తంభం, నిలబెట్టబోతున్నావని తెలిసింది. మైదానంలో నేర్చుకున్న అలవాట్లు అక్కడ సగానికి సగం ఎదురు తిరుగుతాయి. అందుకే ముందుగా ఈ ఉత్తరం.

పరికరాల సంగతి తర్వాత, మొదట ఎండను చూడు. లెక్క ప్రకారం సూర్యోదయం ఆరింటికైనా, తూర్పున శిఖరం అడ్డుంటే నీ వాలు మీద ఎండ పడేసరికి ఎనిమిది దాటవచ్చు. ఎండ పడిన కాసేపటికే వాలు గాలి పైకి మళ్లుతుంది. లోయ పొడవునా వీచే గాలి మళ్లడానికి మాత్రం గంటలు పడుతుంది. చుట్టూ పది డిగ్రీలకొకసారి కొండ అంచు ఎంత కోణంలో ఉందో కోణాలు చూపే క్లినోమీటరుతో కొలిచి రాసిపెట్టుకో. ఒక పూట పని.

బూమ్, అంటే పరికరాన్ని మాస్ట్ నుంచి దూరంగా పట్టి ఉంచే అడ్డకడ్డీ, ఎటు పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. మైదానంలో గాలి ఎక్కువగా వచ్చే వైపుకు పెడతాం. లోయలో గాలి పగలు ఎగువకు, రాత్రి దిగువకు. అలా పెడితే రోజులో సగం మాస్ట్ వెనక చెదిరిన గాలినే కొలుస్తావు. లోయ నేల మీదైతే లోయ పొడవుకు అడ్డంగా, వాలు మీదైతే వాలుకు అడ్డంగా పెట్టు. దిక్సూచిని ఇనుప మాస్ట్ దగ్గర నమ్మకు, దూరంగా నిలబడి చూసి అసలు ఉత్తరానికి సరిచేసుకో.

రాత్రి వాలు వెంట జారే చల్లగాలి చాలా పల్చని పొర. దాని గరిష్ఠ వేగం నేలకు కొన్ని మీటర్ల ఎత్తులోనే ఉండొచ్చు. 10 మీటర్ల దగ్గర ధ్వనితో గాలి వేగం కొలిచే సోనిక్ ఎనిమోమీటరు ఒక్కటే పెడితే నువ్వు ఆ గరిష్ఠానికి పైనున్నావో కిందున్నావో తెలియదు. పైనుంటే ద్రవ్యవేగ ఫ్లక్స్, అంటే గాలి ఊపు పైకో కిందికో చేరే రేటు, దాని ప్లస్-మైనస్ గుర్తు తిరగబడుతుంది, పరికరం చెడిందనుకుని ఊడదీస్తావు. 2, 5, 10 మీటర్లు, ఈ మూడు ఎత్తులూ కనీసం ఉండాలి. కప్పుల ఎనిమోమీటరు ఇక్కడ దండగ, సెకనుకు అర మీటరు గాలికి అది కదలకపోవచ్చు.

సెకనుకు 20 రీడింగుల ముడి డేటా మొత్తం దాచుకో, సగటులు మాత్రమే దాచావంటే తిరిగి లెక్కకట్టే దారి ఉండదు. పగటికి 30 నిమిషాల సగటు సరిపోవచ్చు. రాత్రి అదే వాడితే నెమ్మదిగా అటూఇటూ ఊగే గాలి కూడా టర్బులెన్స్ (గాలి సుడుల అలజడి) లెక్కలో చేరిపోతుంది. 5 నిమిషాలు, అంతకన్నా తక్కువతో కూడా లెక్కగట్టి పోల్చు. ప్లేనార్ ఫిట్, అంటే కొలతలను వాలు తలానికి సరిపెట్టే సవరణ, మొత్తం డేటాకు ఒకే తలంతో చేయకు, గాలి దిశను బట్టి విడగొట్టు. దిశల సగటు ఎప్పుడూ వెక్టర్‌గానే తియ్యి. 350, 10 డిగ్రీలను మామూలుగా కలిపి సగం చేస్తే 180 వస్తుంది, ఉత్తరపు గాలి దక్షిణపు గాలైపోతుంది!

లేజర్ కిరణంతో దూరం నుంచే గాలి కొలిచే లైడార్ ఉంటే సంతోషమే కానీ, అది శంకువు ఆకారంలో తిరుగుతూ ఆ వలయమంతటా గాలి ఒకేలా ఉందనుకుంటుంది. కిరణం నేల నుంచి 60 డిగ్రీల కోణంలో ఉంటే 500 మీటర్ల ఎత్తులో ఆ వలయం వెడల్పు దాదాపు 580 మీటర్లు. ఇరుకు లోయలో ఒక అంచున గాలి వాలు వెంట ఎక్కుతుంటే, మధ్యలో దిగుతుంటుంది. లెక్క ఆ తేడాను అడ్డగాలిగా చూపిస్తుంది. వీలైతే రెండు లైడార్లతో లోయకు అడ్డంగా ఒకే నిలువు తలాన్ని స్కాన్ చేయించు. దూరంగా ఉన్న తెలిసిన స్తంభానికి కిరణం తగిలించి దిశ సరిచూడు, ఒక డిగ్రీ తప్పు కిలోమీటరు దూరంలో 17 మీటర్లవుతుంది. వాన వెలిశాక దుమ్ము కడిగిపోయి లైడార్ చూపు తగ్గుతుంది, అది లోపం కాదు.

నేలకూ గాలికీ మధ్య వాయువుల మార్పిడి కొలిచే దగ్గర ఇంకా జాగ్రత్త. రాత్రి నేల వదిలిన కార్బన్ డయాక్సైడ్ చల్లగాలితో పక్కకు జారిపోతుంది, నీ మాస్ట్ దాకా పైకి రాదు. ఫ్లక్స్ తక్కువ వచ్చిందంటే మార్పిడి తక్కువని కాదు. ఆస్ట్రియాలోని ఇన్ లోయలో ఐ-బాక్స్ అనే పరిశోధన ప్రాజెక్టు స్టేషన్లను లోయ నేల మీద, వాలుల మీద, శిఖరం మీద విడివిడిగా పెట్టింది ఒక్కచోటి కొలత లోయంతటికీ చెల్లదనే. నీకు అన్ని మాస్టులు దొరకవు. చవక ఉష్ణోగ్రత లాగర్లను గాలి ఆడే తెల్లని కవచాల్లో పెట్టి, వాలు పొడవునా 50 మీటర్ల ఎత్తుకొకటి చొప్పున బిగించు. లోయ అడుగున నిలిచే చల్లగాలి చెరువు ఎంత లోతుందో, పొద్దున ఎప్పుడు కరిగిందో అవే చెబుతాయి. గడియారాలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోనే ఉంచు.