డీహెచ్ఏ కలిపిన పాల డబ్బా కొనాలా అని అడిగిన నా బిడ్డకు

బిడ్డా,

నువ్వూ అల్లుడూ పాపకి పట్టే పాలపొడి డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టి ఫోటో పంపారు, ఒకదాని మీద డీహెచ్ఏ, ఏఆర్ఏ అని పెద్దగా రాసి ఉంది, ధర కూడా దానికే ఎక్కువ, ఏది తీసుకోవాలి పెద్దమ్మా అని అడిగారు. ముందు జవాబు చెప్పేస్తా. మీ పాప నెలలు నిండి పుట్టింది, బరువు పెరుగుతోంది. అలాంటి పాపకి ధర దగ్గరదగ్గరగా ఉంటే డీహెచ్ఏ ఉన్న డబ్బా తీసుకోండి, నష్టం లేదు. తేడా మీ చేతికి బరువనిపిస్తే మామూలు డబ్బా తీసుకోండి, పాపకి ఏదో అన్యాయం చేస్తున్నామని మాత్రం అనుకోవద్దు. డబ్బా పాలు అవసరం పడితేనే ఇదంతా, అది కిందికి వచ్చాక చెప్తా.

డీహెచ్ఏ అనేది ఒమేగా-3 రకం కొవ్వు, ఏఆర్ఏ ఒమేగా-6 రకం. మెదడులో, కంటి లోపలి రెటీనా పొరలో డీహెచ్ఏ బాగా ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు చివరి మూడు నెలల్లో తల్లి నుంచి బిడ్డకి ఎక్కువగా చేరుతుంది, పుట్టాక తల్లిపాల నుంచి అందుతుంది. పూర్వం డబ్బా పాలలో ఇది కలిపేవారు కాదు, అందులో వేసే మొక్కల నూనెల నుంచి పసిబిడ్డ ఒళ్లే కొంత డీహెచ్ఏని తయారు చేసుకునేది, ఇప్పటికీ చేసుకుంటుంది. 2001లో అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ అభ్యంతరం లేదన్నాక ఒక రకం నాచు నుంచి, ఒక రకం శిలీంధ్రం నుంచి తీసిన నూనెలు కలిపిన డబ్బాలు అక్కడ మార్కెట్లోకి వచ్చాయి. తల్లిపాలలో ఉన్నదాన్ని డబ్బాలో కూడా పెట్టాలనుకోవడం తప్పు ఆలోచన కాదు. కానీ కలిపినంత మాత్రాన పిల్లలకి తెలివి పెరుగుతుందా అనేది వేరే ప్రశ్న, అల్లుడికి టెన్షన్ దాని గురించే అని నాకు తెలుసు.

దానికి జవాబు చాలామంది పిల్లల మీద వెతికారు. 2017లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు నెలలు నిండి పుట్టిన 1,889 మంది పిల్లల మీద జరిగిన 15 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూశారు, ఎక్కువ వాటిల్లో చూపులో గానీ తెలివితేటల ఎదుగుదలలో గానీ చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి పాలు తాగిన పిల్లలు పెద్దయ్యి 16 ఏళ్లకి రాసిన లెక్కల పరీక్ష మార్కులు కూడా చూశారు, మామూలు డబ్బా తాగిన పిల్లల కంటే వీళ్లకేమీ ఎక్కువ రాలేదు, ఆ ఫలితం 2021లో వచ్చింది. మరి యూరప్‌లో 2020 ఫిబ్రవరి నుంచి డీహెచ్ఏ తప్పనిసరి చేశారు కదా అని నువ్వు అడగొచ్చు. నిజమే. మెదడుకీ కంటికీ అది కావాలి, తల్లిపాలలో ఉంది, కాబట్టి ఉంచడమే మంచిదన్నది వాళ్ల వాదన, అందులోనూ తర్కం ఉంది. అందుకే నేను పనికిరానిది అనడం లేదు. నీ పాప చదువూ తెలివీ ఆ డబ్బాలో ఉన్నాయని ఎవరైనా అంటే నమ్మొద్దంటున్నాను.

కొనేటప్పుడు ముందు వైపు రాసిన పెద్ద అక్షరాలు కాదు, వెనక పోషకాల పట్టిక చూడండి. యూరప్ నియమం 100 క్యాలరీలకి కనీసం 20 మిల్లీగ్రాముల డీహెచ్ఏ అంటుంది. 100 గ్రాముల పొడి అంటే సుమారు 500 క్యాలరీలు, కాబట్టి 100 గ్రాములకి 100 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే ఆ లెక్కకి సరిపోయినట్టు. అందులో సగం కూడా లేకుండా డీహెచ్ఏ పేరు మీద ఎక్కువ ధర అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. ఫోటోలో మామూలు డబ్బా వెనక వైపు కనిపించలేదు, దాన్ని కూడా తిప్పి చూడండి, ముందు రాయకపోయినా పట్టికలో కొంత ఉండొచ్చు.

ఇప్పుడు నాకు అసలు భయం ఉన్న చోటికి వస్తా. ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ డబ్బా పాలతో పిల్లలు పాడవడం చూశాను, కానీ డీహెచ్ఏ లేక పాడైన పిల్లని చూడలేదు. పలచగా కలపడం వల్ల, నీళ్లు బాగా లేక, సీసా కడగడం కుదరక పాడయ్యారు. లెక్క వేసి చూడు. ఐదు కిలోల బిడ్డ పూర్తిగా డబ్బా మీదే ఉంటే రోజుకి 750 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు కూడా రాదు, నెలకి ఎనిమిది డబ్బాలు. డబ్బాకి వంద రూపాయలు తేడా ఉన్నా నెలకి ఎనిమిది వందలు. ఖరీదైన డబ్బా తెచ్చి, నెలాఖరుకి అది అయిపోవస్తుంటే ఒక చెంచా తగ్గించి కలిపే ఇళ్లు ఉన్నాయి, ప్రేమ లేక కాదు, చేతిలో డబ్బు లేక. అలా పలచన చేస్తే డీహెచ్ఏ మాట అటుంచు, మాంసకృత్తులు, కొవ్వు, ఇనుము అన్నీ తగ్గిపోతాయి, పాప బరువు పెరగదు. మామూలు డబ్బా కొని కొలత ప్రకారం కలపడం దానికంటే వెయ్యి రెట్లు నయం.

మన దగ్గర చాలా డబ్బాల మీద 30 మిల్లీలీటర్ల నీళ్లకి అంచుకి సమంగా గీసిన ఒక చెంచా పొడి అని ఉంటుంది, మీ డబ్బా మీద ఎంత రాస్తే అంతే. నీళ్లు మరగబెట్టి అరగంట లోపే, ఇంకా బాగా వేడిగా ఉండగానే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి. ముందు నీళ్లు, తర్వాత పొడి. పాప ఒకసారి నోరు పెట్టి వదిలేసినవి గంట దాటితే పారబోయాలి, మన వరంగల్ ఎండల్లో అసలు ఆలోచించొద్దు. సీసా కంటే ఉగ్గు గిన్నె, చెంచా మేలు, కడగడం సులువు. ఏడాది నిండేదాకా తల్లిపాలకి గానీ డబ్బా పాలకి గానీ బదులు ఆవుపాలు, గేదెపాలు పట్టకండి, ఎవరు చెప్పినా సరే.

అసలు నీకు డబ్బా ఎందుకు కావాల్సొచ్చింది? పాలు సరిపోవడం లేదని మీ అత్తమ్మ అన్నదా, లేక పాప బరువు చూసి డాక్టర్ అన్నాడా? పాప రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ గుడ్డలు తడుపుతూ, నెలకి అర కిలోకి తగ్గకుండా పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. ఏడ్చిన ప్రతిసారీ ఆకలి కాదు బిడ్డా. డీహెచ్ఏ నీ పాలలోనే ఉంది, ఏ డబ్బా పక్కన పెట్టినా అవి తక్కువ కావు. అది పెరగాలంటే నువ్వు తినాలి. బాలింత పథ్యం పేరుతో గుడ్డు వద్దు, చేప వద్దు, నీళ్లు తక్కువ తాగు అంటారే, అది వినకు. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఏది దొరికినా వండించుకుని తిను, సముద్రపు చేపంత కాకపోయినా వాటిలోనూ ఉంటుంది. గుడ్డు రోజూ తిను. అవిసె గింజలు మంచివే కానీ వాటి నుంచి ఒంట్లో డీహెచ్ఏ తయారయ్యేది చాలా తక్కువ, వాటి మీదే ఆధారపడకు. అంగన్‌వాడీలో మన తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతలకి ఆరు నెలల దాకా భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, పేరు రాయించుకో, అందులో నామోషీ ఏం లేదు.

డ్యూటీలో చేరాలనే డబ్బా అలవాటు చేస్తున్నావా? చట్టం ప్రకారం సెలవు 26 వారాలు, అది నీకు వర్తిస్తుందేమో ఆఫీసులో అడుగు. తిరిగి చేరాక కూడా పాపకి 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రోజుకి రెండు విరామాలు ఇవ్వాలి. పాలు పిండి ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే 24 గంటలు ఉంటాయి, మీ అమ్మ పగలు పట్టగలదు.

ఇంకొకటి, పుట్టీ పుట్టగానే కాన్పు గదిలోనే ఫలానా డబ్బా తెమ్మని ఎవరో రాసిచ్చారన్నావు. 1992 చట్టం పాల డబ్బాల ప్రకటనల్నీ, ఆసుపత్రి వాళ్లకి కంపెనీలు బహుమతులు ఇవ్వడాన్నీ నిషేధించింది, తల్లిపాలే మేలని డబ్బా మీద రాయమన్నది. కాబట్టి ఆ చీటీ చూసి భయపడి కొనాల్సిన పని లేదు, ఎందుకు అవసరమో అడిగే హక్కు మీకుంది. నీ చెల్లెలి బాబు లాగా నెలలు తక్కువై పుట్టిన పిల్లల సంగతి మాత్రం వేరు, చివరి మూడు నెలల్లో చేరాల్సింది వాళ్లకి పూర్తిగా చేరదు, వాళ్లకి ఏది పట్టాలో పిల్లల డాక్టరే చెప్పాలి, నా మాట వాళ్లకి వాడొద్దు.

ఆదివారం వస్తున్నా. పాప బరువు రాసిన టీకాల కార్డు తీసిపెట్టు, ఆ రెండు డబ్బాల్లో ఏదీ అప్పటిదాకా విప్పకు, చూసి చెప్తా.

మీ పెద్దమ్మ
హన్మకొండ