బడి కోసం లక్కీ డ్రా: నేను లెక్క రాసిన అనుభవం

మీ ఊరి బడికి నిధుల కోసం కూపన్లు అమ్మి లక్కీ డ్రా తీయడానికి ప్రభుత్వ అనుమతి దొరుకుతుందా అని అడిగారు. ఆ ఆశ పెట్టుకోవద్దు. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే లాటరీల కోసం రాసినది. మన రాష్ట్రం లాటరీలు నడపడం లేదు. ప్రభుత్వ అధికారం లేని లాటరీ తీయడానికి చోటు నిర్వహిస్తే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. డబ్బు బడికి వెళ్తుందా, జేబులోకి వెళ్తుందా అన్న తేడాను ఆ సెక్షన్ చూడదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ప్రొద్దుటూరు దగ్గర మా పల్లెలో, బడిలో మంచినీటి ప్లాంటు పెట్టడానికి నూరు రూపాయల కూపన్లు 2,000 అచ్చు వేయించి, మొదటి బహుమతిగా స్కూటరు ప్రకటించాం. లెక్కలు నాకు అప్పగించారు. అనుమతి సంగతి ఒక కార్యాలయంలో అడిగితే, ఇంత చిన్నదానికి మమ్మల్ని ఎందుకు లాగుతారని పంపించేశారు.

డ్రా నాడు రచ్చకట్ట ముందు షామియానా వేసి, ఇత్తడి బిందెలో చీటీలు కలిపి, మూడో తరగతి పాప చేత ఒకటి తీయించాం. మైకులో నంబరు మూడుసార్లు చదివినా ఎవరూ లేవలేదు. పుస్తకాలు తిరగేస్తే అది టీ అంగడి ఆయన అమ్మలేక తిరిగి ఇచ్చిన కూపన్ అని తేలింది. అమ్ముడుపోని 537 కూపన్ల కౌంటర్ ఫాయిళ్లను తొందరలో నేనే బిందెలో పడేశాను. వెనక నుంచి ఎవరో "బండి ఎవురికి తగిలింది సారూ, కమిటీకేనా?" అని కేక వేశారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ మాట విని తల ఎత్తలేకపోయాను. అందరి ముందూ వాటిని ఏరి పక్కన పెట్టి, మళ్లీ డ్రా తీసేసరికి రాత్రి పదకొండు దాటింది.

వసూలైనది 1,46,300 రూపాయలు. స్కూటరుకు 72,000, చిన్న బహుమతులకు 14,000, అచ్చుకూ షామియానాకూ మైకుకూ 13,500 పోగా బడికి మిగిలింది 46,800, అంటే నూరు రూపాయల్లో ముప్పై రెండు. పది వేలు దాటిన బహుమతి వస్తువైతే, దాని మీది 30 శాతం పన్ను కట్టించిన తర్వాతే అప్పగించాలన్న నిబంధన మాకెవరికీ తెలియదు. తెలిసి ఉంటే గెలిచిన కూలి మనిషి ఆ బండిని ఇంటికి తీసుకువెళ్లేవాడే కాదు.

బట్టల దుకాణాల వారు దసరాకు పెట్టే లక్కీ డ్రాలను మాత్రం ఎవరూ అడగరు. పథకం ముగిశాక ఫలితాలు తెలియకుండా చేయడం అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నా, గెలిచినవారి పేర్లు గోడకు అంటించిన దుకాణాన్ని నేను ఒక్కటి కూడా చూడలేదు.

నా అభిప్రాయంలో పూర్తి నిషేధం కంటే చిన్న రిజిస్ట్రేషన్ మేలు. బ్రిటన్‌లో 2005 నాటి జూద చట్టం కింద చిన్న సంఘాలు స్థానిక కౌన్సిల్‌లో నమోదు చేసుకుని లాటరీ నడుపుకోవచ్చు, కానీ వసూళ్లలో కనీసం 20 శాతం సత్కార్యానికి చేరాలి. మన దగ్గర దాన్ని సగానికి పెంచి, అచ్చయిన కూపన్ల సంఖ్యను తహసీల్దారుకు ముందే తెలపాలనీ, అమ్ముడుపోనివాటిని డ్రాకు ముందే జనం ఎదుట రద్దు చేయాలనీ రాస్తే చాలు. నిషేధం ఉన్నా డ్రాలు ఆగడం లేదు, లెక్క అడిగేవారు మాత్రం లేరు.

మీ బడి సంగతికి వస్తే, మరుసటి ఏడు ప్రహరీ గోడ కోసం మేం రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. 61,000 వచ్చింది. ఖర్చు రెండు రసీదు పుస్తకాల వెల.