యూరప్ స్టడీస్ వాళ్ల మెయిల్ వచ్చిందా? డిలీట్ చెయ్యకు

పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ ఇన్ఫర్మేషన్ సైన్స్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు రాశాడు: "అన్నా, మా యూనివర్సిటీలో యూరోపియన్ స్టడీస్ సెంటర్ అని ఒకటుందట. వారానికో మెయిల్ పంపుతున్నారు. యూరోపియన్ యూనియన్ మీద సర్టిఫికెట్ కూడా చెయ్యొచ్చంటున్నారు. రెజ్యూమెకి పనికొస్తుందా? ఫండింగ్ ఇస్తారని రూమ్మేట్ అంటున్నాడు. ఇంకో మాట. మా చెల్లి హైదరాబాద్ ఇఫ్లూలో ఫ్రెంచ్ బీఏ చివరి సంవత్సరం. దాన్ని కూడా ఇక్కడికే రమ్మననా?"

ముందు డబ్బుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ నిద్ర చెడగొడుతున్నది అదే. మీ రూమ్మేట్ విన్నది ఫ్లాస్ ఫెలోషిప్ గురించి అయ్యుంటుంది. విదేశీ భాషలు, ఆ ప్రాంతాల చదువు చదివేవాళ్లకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు అది. సిటిజన్లకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన నీకు రాదు, అప్లై చేసి టెన్షన్ పడకు. 1957లో సోవియట్ రష్యా తొలి ఉపగ్రహం స్పుత్నిక్‌ని పైకి పంపాక అమెరికా ఉలిక్కిపడి, ప్రపంచ భాషలు తమవాళ్లకి రావాలని 1958లో ఒక చట్టం చేసింది. యూరప్ సెంటర్లు, రష్యా సెంటర్లు, దక్షిణాసియా సెంటర్లు ఇన్నేళ్లు నిలబడింది చాలావరకు ఆ చట్టం చలవే. వెల్చేరు నారాయణరావు గారు 1971 నుంచి ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన మాడిసన్ ఊళ్లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో దక్షిణాసియా సెంటర్ కూడా ఆ కోవలోదే. అయితే 2025లో ఈ నిధులకు కోత పడింది. కాబట్టి ఇక్కడ పుట్టిన మీ పిన్ని పిల్లలెవరైనా అడిగితే, ఈ ఏడాది డబ్బు ఉందో లేదో సెంటర్‌కే ఫోన్ చేసి కనుక్కోమను.

నీకు దొరికేది వేరు. సెంటర్లో ప్రోగ్రాములకి కుర్చీలు వేయించడం, పోస్టర్లు చెయ్యడం, వెబ్‌సైట్ చూసుకోవడం లాంటి పనులకి స్టూడెంట్లని పెట్టుకుంటుంటారు. అది క్యాంపస్ ఉద్యోగం. క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటల దాకా ఎఫ్‌-1 వాళ్లు చేసుకోవచ్చు. డైనింగ్ హాల్లో గిన్నెలు తోమడం తప్పని కాదు, నేనూ తోమాను. కానీ దాని పక్కన ఇదొకటి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక సర్టిఫికెట్. అది డిగ్రీ కాదు, నీ డిగ్రీ పక్కన తగిలించుకునే తోక. కొన్ని కోర్సులు చెయ్యాలి, చాలాచోట్ల ఏదో ఒక యూరప్ భాష కూడా కొంత రావాలంటారు. సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడుగు. ఆ కోర్సులు మీ డిపార్ట్‌మెంట్ ఎలెక్టివ్స్‌గా ఒప్పుకుంటుందా? ఫుల్‌టైమ్ ఫీజులోనే సర్దుకుంటాయా, క్రెడిట్‌కింత అని విడిగా బిల్లు పడుతుందా? నేను చదివిన రోజుల్లో (ఇంకో ఊళ్లో, ఇంకో కాలేజీలో) అడ్వైజర్ నవ్వుతూ "తీసుకో, బాగుంటుంది" అన్నాడని మూడు క్రెడిట్ల కోర్సు ఒకటి తీసుకున్నాను. సెమిస్టర్ చివర తెలిసింది, అది నా డిగ్రీలో లెక్కకే రాదని. ఆ ఫీజు నాన్న బ్యాంకు లోన్‌లోంచి కట్టింది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. జవాబు మెయిల్లో తెప్పించుకో, నోటిమాట నమ్మకు.

సర్టిఫికెట్ చెయ్యకపోయినా నష్టం లేదు. సెంటర్ అసలు విలువ అందులో లేదని నా అభిప్రాయం. మీ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ సెంటర్ సంగతే చూడు. అమెరికాలో తమ గురించి చదివించాలని యూరోపియన్ యూనియన్ (ఈయూ) పాలన చూసే యూరోపియన్ కమిషన్ 1998లో పది యూనివర్సిటీల్లో ఈయూ సెంటర్లు పెట్టించింది, అందులో మీది ఒకటి. జా మొనే అనే పేరు అక్కడ తరచూ కనిపిస్తుంది. ఎవరో ప్రొఫెసర్ అనుకోకు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరప్ దేశాల్ని ఒక్కతాటి మీదకి తెచ్చిన ఫ్రెంచివాళ్లలో ముఖ్యుడు. ఆయన పేరు మీదే ఈయూ ప్రపంచమంతటా ఇలాంటి చదువులకు గ్రాంట్లు ఇస్తుంది. యూరప్ ఏకీకరణకి సంబంధించిన పాత కొత్త పత్రాల ఆన్‌లైన్ ఆర్కైవ్ ఒకటి మీ యూనివర్సిటీయే నడుపుతోంది. లాగిన్ లేదు, డబ్బు లేదు. పోలండ్, రష్యా వైపు ఆసక్తి ఉంటే మాత్రం దానికి మీ క్యాంపస్‌లో వేరే సెంటర్ ఉంది, యూరప్ సెంటర్‌లో అడిగితే అటు పంపుతారు.

కోడ్ రాసేవాడికి ఇదంతా ఎందుకంటావా? 2018లో మా ఆఫీసులో జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) హడావిడి. మే 25 నుంచి అమలు. కస్టమర్ "నా డేటా తీసెయ్" అంటే తీసెయ్యాలి, మా టేబుల్స్‌లో ఆ డేటా పద్నాలుగు చోట్ల ఉంది. "అమెరికన్ కంపెనీకి యూరప్ చట్టమేంటి" అని టీమంతా విసుగు. అదే నెల ఏదో యూనివర్సిటీ సెంటర్లో ఉచిత ఉపన్యాసం ఉందని తెలిసి మధ్యాహ్నం వెళ్లాను (లంచ్‌లో వెజ్ ర్యాప్ పెట్టారు, అబద్ధం ఎందుకు, సగం దానికోసమే). అక్కడ ఒక ముసలాయన బోర్డు మీద రెండు మాటలు రాశాడు: డైరెక్టివ్, రెగ్యులేషన్. డైరెక్టివ్ అంటే బ్రసెల్స్ (అంటే ఈయూ) లక్ష్యం చెప్తుంది, ఒక్కో దేశం దానికి తగ్గట్టు తన చట్టం తను రాసుకుంటుంది. రెగ్యులేషన్ అంటే అన్ని దేశాల్లో అదే అక్షరం, నేరుగా అమలు. డేటా గురించి 1995లో వచ్చింది డైరెక్టివ్. అందుకే దేశానికో రకంగా ఉండేది. జీడీపీఆర్ రెగ్యులేషన్. కంపెనీ ఎక్కడున్నా, యూరప్‌లో ఉన్నవాళ్లకి సరుకో సర్వీసో అమ్మితే వర్తిస్తుంది. పెద్ద తప్పులకి జరిమానా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా వెళ్తుంది. ఆ ముక్క మర్నాడు మీటింగ్‌లో చెప్తే మా మేనేజర్ మొదటిసారి నా పేరు సరిగ్గా పలికాడు. ఇప్పుడు ఈయూ ఏఐ చట్టం కూడా రెగ్యులేషనే, 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చి దశలవారీగా పడుతోంది. డేటా, మోడల్స్ అని రెజ్యూమెలో రాసుకునే నువ్వు ఇంటర్వ్యూలో దాని గురించి నాలుగు మాటలు మాట్లాడగలిగితే చాలు, పక్కవాడికీ నీకూ తేడా కనిపిస్తుంది.

సెంటర్ పోస్వార్ హాల్లో ఉంటుంది. వెళ్లినప్పుడు కింది అంతస్తులో నేల వైపు చూడు. గాజు కింద ఐదు మూలల తెల్లటి పలక కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ స్థలం ఫోర్బ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం, అది అక్కడి హోమ్ ప్లేట్. మన భాషలో చెప్పాలంటే బ్యాటింగ్ క్రీజు. పక్కనే 42 అంతస్తుల కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో దేశానికో క్లాస్‌రూమ్ ఉంది. జర్మన్, స్కాటిష్ గదులు 1938 నాటివి, నలందా నమూనాలో కట్టిన ఇండియన్ రూమ్ 2000లో వచ్చింది. శనివారం పెన్ హిల్స్ గుళ్లో పులిహోర తిన్నాక ఒకసారి అటు కూడా వెళ్లు.

చెల్లి విషయానికొస్తే, వద్దు. యూరప్ గురించి చదవడానికి అమెరికా రావడం గోదావరి పక్కన ఉండి బిస్లరీ కొనుక్కోవడమే. ఇక్కడ యూరోపియన్ స్టడీస్ ఎంఏ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కాదు, అంటే ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం స్టూడెంట్ వీసా మీదే చేసుకునే అనుమతి) 12 నెలలే, నీకు దొరికే 24 నెలల పొడిగింపు తనకి ఉండదు. ఫీజు మాత్రం తక్కువేం కాదు. తనని ఈయూ డబ్బుతో నడిచే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ కోర్సులు చూడమను. కనీసం రెండు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1400 యూరోలు, రెండేళ్ల దాకా, ఫీజు కట్టక్కర్లేదు. ఉప్సలా, గ్రోనింగెన్, స్ట్రాస్‌బర్గ్ లాంటి యూనివర్సిటీలు కలిసి నడిపే యూరోకల్చర్ అనే ఎంఏ ఆ కోవలోదే. ఫ్రెంచ్ బాగా వచ్చుంటే బెల్జియం బ్రూజ్‌లోని కాలేజ్ ఆఫ్ యూరప్ కూడా చూడొచ్చు. 1949 నాటిది, ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్ కూడా కావాలక్కడ, మన పిల్లల్లో ఎంతమందికి ఆ అర్హత ఉంది చెప్పు. వీటికి కన్సల్టెన్సీ అక్కర్లేదు, ఎవరైనా డబ్బడిగితే లేచి వచ్చెయ్యమను.

అప్లికేషన్లు చాలావరకు శీతాకాలంలోనే అయిపోతాయి. మాస్టార్ల దగ్గర రికమెండేషన్ లెటర్లు ఇప్పుడే అడిగి పెట్టుకోమను. "ఆడపిల్ల ఒక్కతే రెండు దేశాలు తిరగడమేంటి" అని ఇంట్లో అంటారు కదా, ఆ ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి.