పట్టుదారం గాజులు జారిపోతుంటే...

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లంగా ఓణీకి మ్యాచయ్యేలా పాత ప్లాస్టిక్ గాజులకు పట్టుదారం చుట్టుకుంటోంది. రెండు రోజులకే దారం వదులైపోతోంది. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నున్నటి ప్లాస్టిక్ మీద దారం పట్టు నిలవదమ్మా. ముందు గాజును ఉప్పుకాగితంతో రుద్ది గరుకు చేయమనండి. ఒంటి పోగుతో చుడితే పొద్దుపోతుంది, సందులూ కనబడతాయి. పదిహేను, ఇరవై పోగులు కలిపి ఒకే పేటగా తీసుకోవాలి. గాజు లోపలి వైపు ఫ్యాబ్రిక్ గమ్ చుక్క పెట్టి, పేట కొస అంటించి, అది పూర్తిగా ఆరాకే చుట్టడం మొదలుపెట్టాలి. పిల్లలకు ఆత్రం కదా, తడి మీదే లాగేస్తారు! చుట్టేటప్పుడు పేట మెలి పడకూడదు. పట్టు మెరుపంతా పోగులు పక్కపక్కనే పరుచుకోవడంలోనే ఉంది. చివరి కొసనూ లోపలికే అంటించాలి. కుందన్లు మర్నాడు అతికించుకోవచ్చు.

దారం మందానికి గాజు కాస్త బిగుతవుతుంది. 2.4 సైజు గాజు సరిగ్గా పట్టే చేతికి 2.6 తీసుకోండి. వేడి గ్లూ గన్ వాడితే మాత్రం మీరు పక్కనే ఉండండి, వేళ్లు బొబ్బలెక్కుతాయి.