ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ పాత ఎన్‌గ్రేవింగ్ (రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ) నా దగ్గరుంది, కింద నెల్లర్, వెర్ట్యూ అని పేర్లున్నాయి. ఆ అక్షరాల పట్టీ కత్తిరించి ఫ్రేమ్ కట్టించవచ్చా? అది నిజంగా పాతదేనా అని ఎలా తెలుస్తుంది?

దయచేసి కత్తిరించకండి. ఫ్రేమ్ చాలకపోతే పెద్దది కొనండి, ఆ పట్టీ జోలికి మాత్రం వెళ్లొద్దు.

లండన్‌లో చదువుకునే రోజుల్లో నేనూ పాత పుస్తకాల షాపులో ఒక లాక్ బొమ్మ కొన్నాను. ఫ్రేమ్ కట్టే ఆయనకి ఇచ్చి, వారం తర్వాత వెళ్లేసరికి కింద రెండంగుళాలు కోసేసి అద్దం బిగించి పెట్టాడు. ముఖం చక్కగానే ఉంది కానీ ఎవరు గీశారు, ఎవరు చెక్కారు, ఏ సంవత్సరం అన్నవన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఇప్పటికీ ఆ బొమ్మ చూస్తే బాధేస్తుంది.

ఎందుకంటే ఆ బొమ్మకి ఆధార్ కార్డు లాంటిది ఆ పట్టీయే. మామూలుగా ఎడమవైపు పేరు పక్కన ‘పింక్సిట్’ అని ఉంటే రంగుల చిత్రం వేసినవాడు, కుడివైపు ‘స్కల్ప్‌సిట్’ అని ఉంటే దాన్ని చూసి రాగిరేకు మీద చెక్కినవాడు. మీ దాని మీద నెల్లర్, వెర్ట్యూ అని ఉన్నాయన్నారు కదా, గాడ్‌ఫ్రీ నెల్లర్ లాక్‌ని 1697లో ఒకసారి, 1704లో ఇంకోసారి చిత్రించాడు. మొదటిది ఇప్పుడు రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. జార్జ్ వెర్ట్యూ చెక్కిన బొమ్మ 1714లో మూడు సంపుటాలుగా వచ్చిన లాక్ రచనలలో వచ్చింది, కాబట్టి మీది ఏదో పుస్తకంలోంచి విడదీసిన పేజీ అయ్యే అవకాశం ఎక్కువ. 1721లో జాన్ స్మిత్ చేసిన మెజోటింట్ అయితే చూడగానే తేడా తెలిసిపోతుంది. అందులో గీతలుండవు, రేకంతా ముందే గరుకు చేసి, వెలుగు కావాల్సిన చోట గీకి నున్నగా చేస్తారు, అందుకే నీడలు మఖమల్‌లా ఉంటాయి.

బొమ్మ మీద ఉన్న సంవత్సరం చూసి మాత్రం మోసపోకండి, తర్వాతి కాలంలో ఫొటో తీసి అచ్చేసినవాటి మీద కూడా అదే సంవత్సరం ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. వరసగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది ఫొటో అచ్చు. అసలైనదాంట్లో గీత మధ్యలో లావై చివర సన్నబడుతుంది, ఏటవాలు వెలుతురులో బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న గుంట కూడా కనిపిస్తుంది. (ఆ గుంటని కూడా కొయ్యనివ్వకండి.) ముఖం ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి ఏమీ తేల్చలేం. రేకు మీద చూసింది చూసినట్టు చెక్కితే అచ్చులో తిరగబడుతుంది, అలా కాకుండా ఉండాలని అద్దంలో చూసి చెక్కేవాళ్లూ ఉండేవారు.

ఇంకొక్కటి చెప్పాలి. లాక్ 1704 అక్టోబరులో చనిపోయాడు. అదే ఏడాది స్నేహితుడు ఆంథనీ కాలిన్స్‌కి రాసిన ఉత్తరంలో, తన చిత్రం వెనక ‘జాన్ లాక్ 1704’ అని నెల్లర్‌తో రాయించమని అడిగాడు, అలా చేయకపోతే మామూలు మనుషుల బొమ్మలు రెండు మూడు తరాల్లో ఎవరివో తెలియకుండా పోతాయట. నా బొమ్మ పట్టీ పోయిన తర్వాత ఆ ఉత్తరం చదివాను. ఫ్రేమ్ వెనక అట్ట మీద నాకు గుర్తున్నంతవరకు పెన్సిల్‌తో రాసి పెట్టాను. మీరు ఇచ్చే ముందు ఆ పట్టీని ఒక ఫొటో తీసుకోండి, వెనక జిగురు రాయొద్దని, అంచులు కొయ్యొద్దని ఫ్రేమ్ ఆయనకి కాగితం మీద రాసివ్వండి.